పాత ఇల్లు, పదకొండు తాళంచెవులు: ఏ తాళం మార్చాను, దేనికి చెవి మాత్రమే మార్చాను

కాకినాడ జగన్నాథపురంలో మేం కొన్న ఇల్లు తొమ్మిదేళ్ళపాటు అద్దెకు నడిచింది. మూడు కుటుంబాలు మారాయి. అమ్మినాయన చేతిలో పెట్టిన గుత్తికి పదకొండు చెవులు. వాటి నకళ్ళు ఎన్ని, ఎవరెవరి దగ్గరున్నాయి అంటే ఆయనకీ తెలియదు. కొట్లో అడిగితే "అన్నీ పీకేసి కొత్తవి వేయించుకోండమ్మా" అని ఒక కాగితం మీద లెక్క రాసిచ్చారు: నైట్ లాచ్ 2,100, పెరటి తలుపు హ్యాండిల్ సెట్టు 2,600, మేడమెట్ల తలుపు తాళం 1,450, తాళంకప్పలు రెండు 1,040, వడ్రంగికి రెండు రోజుల కూలి 2,200. మొత్తం రూ. 9,390.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఐదు ఆదివారాలు నేను చేసిన పని ఇది. రెండుచోట్ల బాగానే చేశాను. ఒకచోట తలుపు చీల్చాను. చీల్చినచోట మీరు చీల్చకుండా ఉంటారని రాస్తున్నాను.

దశ 0: ఇంట్లో ఉన్నవేమిటి

ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. పుస్తకం, పెన్ను పట్టుకోండి. మా ఇంట్లో లెక్క ఇలా తేలింది:

1. వీధి తలుపు. టేకు, మందం 38 మి.మీ. పాత రకం నైట్ లాచ్: బయట చెవి, లోపల నాబ్. ఐదు పిన్నుల సిలిండర్, అంటే చెవి దూరే భాగం. చెవులు రెండు.
2. పెరటి తలుపు. ఇదీ 38 మి.మీ. హ్యాండిళ్ళున్న మార్టిస్ తాళం, అంటే తలుపు మందంలో గుంట తీసి లోపల కూర్చోబెట్టేది. అందులో యూరో సిలిండర్. చెవులు రెండు.
3. మేడమెట్ల తలుపు. ఫ్లష్ డోర్, 30 మి.మీ. ఆరు లివర్ల మార్టిస్ తాళం. చెవి ఒకటి.
4. గేటు. గొలుసు, కప్ప. చెవి ఒకటి.
5. డాబా మీద ట్యాంకు గది. ఆల్‌డ్రాప్ గడియ, కప్ప. చెవి ఒకటి.

ఏడు చెవులకి తలుపు దొరికింది, నాలుగు అనాథలు. పడగ్గదులకి గడియలే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

వీధి తలుపు చెవులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి తలల మీదా తాళం కంపెనీ ముద్ర లేదు. రెండూ బజార్లో కోయించిన నకళ్ళే. మరి అసలు చెవి ఎక్కడో ఉండాలి కదా. ఆ రాత్రి నుంచి పని పూర్తయ్యేదాకా లోపల గడియ, దానికి అడ్డంగా కుర్చీ కూడా వేసి పడుకున్నాం.

ప్రతి తాళానికీ మూడు ప్రశ్నలు వేసుకున్నాను. తాళం ఒళ్ళు బాగుందా, అంటే ద్వారబంధంలోకి దూరే నాలుక నునుపుగా కదులుతోందా, తుప్పుందా? బాగుంటే, చెవి తగిలే భాగం ఒక్కటీ మార్చగలమా? మార్చలేకపోతే, కొత్తది పాత గుంటలోనే కూర్చుంటుందా? ఈ మూడో ప్రశ్న అప్పట్లో నాకు పెద్దదనిపించలేదు. తీరా రూ. 880 దానికే పోయాయి.

ఇప్పటివరకు: ఖర్చు 0, సమయం లెక్కలోకి తీసుకోలేదు.

దశ 1: పెరటి తలుపు, యూరో సిలిండర్

ఇది అన్నింటికంటే తేలిక. దీనికి హ్యాండిల్ సెట్టంతా మార్చమనడం దండగ సలహా. యూరో సిలిండర్ అంటే పైన గుండ్రంగా, కింద నాలుకలా పట్టీ ఉండే ఇత్తడి ముక్క. తాళం పెట్టె, హ్యాండిళ్ళు అలాగే ఉంటాయి, ఈ ముక్క ఒక్కటీ వస్తుంది, పోతుంది.

1. తలుపు తెరిచి, దాని మందం వైపున్న ఇనప పట్టీ చూడండి. చెవి రంధ్రం ఎత్తులో ఒక పొడుగాటి స్క్రూ ఉంటుంది. దాన్ని పూర్తిగా బయటికి తీయాలి.
2. చెవి పెట్టి కొద్దిగా తిప్పాలి, గడియారంలో ఐదు నిమిషాలంత. సిలిండర్ మధ్యలో ఉండే రెక్క అప్పుడు ఒంట్లోకి సర్దుకుంటుంది.
3. చెవితోనే పట్టుకుని మెల్లగా లాగాలి. రాకపోతే చెవిని అటూ ఇటూ పిసరంత ఆడించాలి. సుత్తి అక్కర్లేదు.
4. స్క్రూ దూరే రంధ్రం మధ్య నుంచి రెండు కొసలకీ విడివిడిగా కొలవాలి. మాది 30, 30. కొట్లో దాన్ని 60 సైజు అంటారు. రెండు వైపులా సమానంగా లేనివి కూడా ఉంటాయి కాబట్టి మొత్తం ఒక్కటే కొలిస్తే చాలదు.

నేను నాలుగో అంకె ముందు చేయలేదు. "పెద్దదైతే గట్టిది" అనుకుని 70 తెచ్చాను. తలుపు 38, రెండు పక్కలా హ్యాండిల్ పలకలు పదేసి, వెరసి 58 మి.మీ. అందులో 70 పెడితే అటో ఆరు, ఇటో ఆరు మి.మీ. పొడుచుకొచ్చింది. చూడ్డానికి బాగోలేకపోవడం అటుంచండి, అది ప్రమాదం. యూరో సిలిండర్‌కి స్క్రూ రంధ్రం దగ్గరే ఒళ్ళు సన్నం. బయటికి పొడుచుకొచ్చిన కొసని పట్టుకారుతో పట్టి వంచితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. బయటి వైపు రెండు మూడు మి.మీ. దాటి కనబడకూడదు.

కొట్టాయన మంచివాడు, 720 పెట్టి కొన్న 70 సైజుని తీసుకుని, 650 ఖరీదున్న 60 సైజు ఇచ్చి, మిగతా 70 రూపాయలు వెనక్కిచ్చాడు. ఆటోకి 80 పోయాయి. బిగించడం పన్నెండు నిమిషాల పని. ఒక్క జాగ్రత్త: కొత్త సిలిండర్ పరీక్షించేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి. ముందు తలుపేసి తర్వాత చెవి తిప్పి చూద్దాం అనే బుద్ధి పుడుతుంది, వద్దు.

ఈ దశ: 650 + 80 = 730. మొత్తం: రూ. 730. సమయం: గంటన్నర.

దశ 2: వీధి తలుపు, నైట్ లాచ్

రెండు ఆదివారాలు, ఏడు గంటలు ఇక్కడే పోయాయి. నైట్ లాచ్ ఒళ్ళు బ్రహ్మాండంగా ఉంది. మందపాటి ఇత్తడి, నాలుక బిర్రుగా కొట్టుకుంటోంది. ఇలాంటిది పీకి, కొత్త దానికోసం టేకు తలుపుకి ఇంకో రంధ్రం పెట్టడం నాకు మనసొప్పలేదు. కాబట్టి తాళం ఉంచి చెవి మార్చడమే.

లోపల ఏముంటుందంటే, చెవి దూరే ఇత్తడి కడ్డీ ఒకటి, దాన్ని ప్లగ్గు అందాం. దాని చుట్టూ ఒళ్ళు. పై నుంచి ఐదు సన్నటి బావులు ఒంట్లోంచి ప్లగ్గులోకి దిగుతాయి. ఒక్కో బావిలో అడుగున ఒక పిన్ను, దానిపైన ఇంకో పిన్ను, ఆపైన స్ప్రింగు. అడుగు పిన్నుల పొడుగులు వేరువేరు. సరైన చెవి లోపలికెళ్తే ఐదు అడుగు పిన్నుల తలలూ ప్లగ్గు అంచుతో సమంగా వచ్చి నిలుస్తాయి, ప్లగ్గు తిరుగుతుంది. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా తిరగదు. లైనస్ యేల్ 1861లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. మా వీధిలో సగం ఇళ్ళ తలుపులు ఈరోజుకీ దీంతోనే నడుస్తున్నాయి.

అంటే కొత్త పిన్నులు కొనకుండానే, ఉన్నవాటి వరస మార్చి, ఆ వరసకి కొత్త చెవి కోస్తే చాలు. పిన్నుల కిట్టు దొరకని ఊళ్ళో ఇదే దారి.

మొదటి ఆదివారం, మొదటి తప్పు

లోపలి పెట్టె నాలుగు స్క్రూలు, వెనక పలక రెండు పొడుగు స్క్రూలు విప్పితే సిలిండర్ బయటి నుంచి చేతిలోకొచ్చింది. వెనక తోక పట్టీకి రెండు చిన్న స్క్రూలు, అవీ తీశాను. చెవి పెట్టి తిప్పి ప్లగ్గుని లాగాను.

టప్పుమని ఏదో బుగ్గకి తగిలింది.

ప్లగ్గు బయటికొస్తుంటే దాని వెనకే అదే మందం ఉన్న కడ్డీ ఒకటి తోస్తూ పోవాలి. లేకపోతే పై పిన్నుల్ని ఆపేవాడుండడు, స్ప్రింగులు వాటిని బయటికి విసిరేస్తాయి. ఇది చదివి తెలుసుకునే పెట్టుకున్నాను, "మెల్లగా లాగితే ఏం కాదులే" అనుకున్నాను. పై పిన్నులు ఐదూ దొరికాయి. స్ప్రింగులు మూడే. అయస్కాంతంతో నేలంతా వెతికాను, తర్వాత వెలిగింది: పిన్నులు ఇత్తడి, ఆ స్ప్రింగులూ ఇనుము కాదు, అయస్కాంతానికి ఎందుకొస్తాయి? బాల్ పెన్నులో స్ప్రింగు కత్తిరించి పెడదామనుకుంటే అది బావిలో పట్టలేదు. బావి 3 మి.మీ. కూడా లేదు, పెన్ను స్ప్రింగు 4 పైనే ఉంది.

సోమవారం మెయిన్ రోడ్డు పక్కన గొడుగేసుకుని కూర్చునే తాళాలాయన దగ్గరికెళ్ళాను. "ఒక చచ్చిన తాళం ఇవ్వండి భాయ్, స్ప్రింగులు కావాలి" అంటే ఆయన నవ్వి, డబ్బాలోంచి ఒకటి తీసి యాభై అన్నాడు. మా చెవి చూసి అదే గాడి ఉన్న ఖాళీ చెవులు, అంటే పళ్ళు కోయనివి, మూడు కూడా ఇచ్చాడు. ఒక్కోటి 25. "మీరే కోస్తారా?" అని రెండుసార్లు అడిగాడు.

రెండో ఆదివారం

తోసే కడ్డీకి చీపురు కర్ర వాడాను. ప్లగ్గు 12.8 మి.మీ., కర్ర 13.4. గరుకు కాగితంతో 12.4కి తెచ్చాను. కొస మాత్రం అడ్డంగా, చదునుగా ఉండాలి. గుండ్రంగా ఉంటే ప్లగ్గుకీ కర్రకీ మధ్య సందు వస్తుంది, ఆ సందులోకి పై పిన్ను దిగి ఇరుక్కుంటుంది. ఇది నాకు రెండుసార్లు జరిగింది.

అడుగు పిన్నుల్ని వరస తప్పకుండా పెట్టుకోడానికి అమ్మ మాత్రల డబ్బా తీసుకున్నాను, ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గదులుండేది. మాత్రలన్నీ గిన్నెలో పోసినందుకు అమ్మ దగ్గర చీవాట్లు తిన్నాను. ఆది నుంచి గురువారం వరకు ఐదు పిన్నులు. మందం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తో కొలిస్తే, చెవి తల వైపు నుంచి కొస వైపుకి:

పాత వరస: 5.1, 6.4, 5.8, 7.1, 5.8
కొత్త వరస: 5.8, 5.1, 6.4, 5.8, 7.1

ఏ చోటా పాత పొడుగు ఉండకుండా చూసుకున్నాను. ఒక్క పిన్ను మార్చినా పాత చెవి తిరక్కూడదు నిజమే, కానీ ఇరవయ్యేళ్ళు అరిగిన తాళం కాస్త ఉదారంగా ఉంటుంది. ఐదూ మారిస్తే నిశ్చింత. ఇంకొకటి: పిన్ను ఎంత పొడుగైతే చెవిలో గాడి అంత లోతు. 7.1ని చెవి తల పక్కన పెడితే చెవి అక్కడే సన్నబడి, తిప్పేటప్పుడు బరువంతా అక్కడే పడి, ఏదో రోజు విరుగుతుంది. అందుకే దాన్ని కొసకి తోశాను.

చెవి కోయడం ఇలా:

1. ప్లగ్గు చేతిలోనే ఉంది, ఒంట్లో లేదు. ఖాళీ చెవిని అందులో పూర్తిగా దూర్చాలి.
2. పైనున్న ఐదు రంధ్రాల్లోంచి సూదితో చెవి మీద గీత పెట్టుకోవాలి. గాడులు అక్కడే.
3. చెవి బయటికి తీసి సన్న ఆకురాయితో ఒక్కో గీత దగ్గర రాయాలి. అడుగు కాస్త చదునుగా, రెండు పక్కలా వాలుగా ఉండాలి. నిలువు గోడలు వదిలితే చెవి బయటికి రాదు.
4. మళ్ళీ దూర్చి, పిన్ను వేసి చూడాలి. పిన్ను తల ప్లగ్గు మీద ఎంత లేచి ఉందో, ఇంకా అంత రాయాలి.
5. గోరుతో తడిమితే అంచు తగలకుండా ఉన్నప్పుడు ఆపాలి.

ఈ ఐదో అంకె దగ్గరే మొదటి ఖాళీ చెవి పోయింది. మూడు పిన్నులు చక్కగా కుదిరాయి, నాలుగోది గోరుకి ఇంకా తగులుతోందని నాలుగు రాతలు ఎక్కువ రాశాను. పిన్ను ప్లగ్గు అంచుకంటే 0.3 మి.మీ. కిందికి దిగిపోయింది. అలా దిగితే ఆ ఖాళీలోకి పై పిన్ను దూరుతుంది, ప్లగ్గు కదలదు. పిన్నుల తలలే రాసి సరిపెట్టచ్చని ఎవరైనా చెప్తే వినకండి. పిన్ను తల నునుపుగా ఉండాలి, రాస్తే ఒంట్లో గీసుకుపోతుంది. రెండో చెవికి ప్రతి మూడు రాతలకీ ఒకసారి దూర్చి చూశాను. గంటా పదినిమిషాలు పట్టింది. ఐదు పిన్నుల తలలూ ప్లగ్గు మీద ఒకే గీతగా, అక్కడ రంధ్రాలున్నాయా లేవా అన్నట్టు కలిసిపోయినప్పుడు దాన్ని దీపం కింద చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

తిరిగి కూర్చడం దీనికంటే కష్టం. ఒంటిని తలకిందులు చేసి, లోపలి నుంచి బావిలో స్ప్రింగు, దానిమీద పై పిన్ను వేసి, పట్టకారుతో అదిమి, కర్రని ఒక్క బావి మేరకి ముందుకు జరపాలి. ఇలా ఐదుసార్లు. పెద్ద ట్రేలో తెల్ల తువ్వాలు పరిచి, దానిమీద చేయండి. తర్వాత కొత్త చెవితో సహా ప్లగ్గుని కర్రకి ఆనించి తోయాలి. పిన్నులు నిటారుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి ఉండాలి, లేకపోతే ప్లగ్గు సగంలో ఉండగానే పై పిన్ను ఏ రంధ్రం దొరికితే దాంట్లోకి దిగుతుంది. తోక పట్టీ బిగించేదాకా చెవి బయటికి లాగకూడదు, లాగితే ప్లగ్గు దాంతోపాటే వచ్చేస్తుంది. ఇది చదివి తెలుసుకున్నదే, ఈసారి మాట విన్నాను.

చెవి తిరిగింది. బయటికి రావడానికి మాత్రం పట్టింది. ఆకురాయి పొడి. మళ్ళీ విప్పకుండా, సిలిండర్‌ని పెట్రోల్లో ముంచి, చెవి పది పదిహేనుసార్లు ఆడించి ఆరబెట్టాను. బయట, ఎండలో, స్టవ్‌కి దూరంగా. తర్వాత మెత్తటి పెన్సిలు ముల్లుని గరుకు కాగితం మీద రాసి, ఆ నల్లపొడిని చెవికి పట్టించి దూర్చాను. తాళానికి కొబ్బరినూనె వేయొద్దు. అమ్మ "మీ తాతగారు అదే వేసేవారు" అంటుంది. వేసేవారు, అందుకే ప్రతి ఏడాదీ తాళాలాయన్ని పిలిచేవారు. నూనె దుమ్ముతో కలిసి బావుల్లో జిగురవుతుంది.

పాత చెవులు రెండూ పెట్టి చూశాను. లోపలికెళ్ళాయి, తిరగలేదు. నాలుగు నకళ్ళు నేను కోసిన చెవి నుంచే మిషను మీద కోయించాను. నకలుకి నకలు తీస్తే ప్రతిసారీ కాస్త కాస్త తప్పుతుంది, కాబట్టి నేను కోసినదాన్ని విడిగా దాచాను. తాళాలాయన దాన్ని వేలితో తడిమి, "మూడోది కొంచెం గరుకుంది" అని తన ఆకురాయితో రెండుసార్లు రాసి ఇచ్చాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఈ దశ: ఖాళీ చెవులు 75, చచ్చిన తాళం 50, సన్న ఆకురాళ్ళ సెట్టు 220, వెర్నియర్ 480, నకళ్ళు 240. మొత్తం 1,065.
ఇప్పటివరకు: రూ. 1,795. సమయం: ఎనిమిదిన్నర గంటలు.

దశ 3: మేడమెట్ల తలుపు, తలుపు చీలిన కథ

ఇది లివర్ల తాళం. ఇందులో పిన్నులుండవు, ఒకదానిమీద ఒకటి పేర్చిన పలచటి ఇత్తడి రేకులుంటాయి. చెవి పళ్ళు ఒక్కో రేకునీ ఒక్కో ఎత్తుకి లేపితేనే నాలుక కదులుతుంది. ఈ రకం యేల్ పిన్నుల తాళంకంటే పాతది, రాబర్ట్ బ్యారన్ 1778లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. దీనికీ చెవి మార్చచ్చు: రేకుల వరస మార్చి, దానికి తగ్గట్టు చెవి కోయడమే. తాళాలాయన ఇంటికొచ్చి చూడ్డానికి 200 తీసుకున్నాడు.

ఆయన చెప్పిన ఒక సంగతి నాకు కొత్త. "ఇది రెండు పక్కలా తెరిచేది మేడమ్, దీని చెవి అద్దంలో పెట్టినట్టుండాలి." చెవిని కాగితం మీద పెట్టి గీశాను. నిజమే, మొదటి పన్నూ ఆరో పన్నూ ఒకటే ఎత్తు, రెండూ ఐదూ ఒకటే, మూడూ నాలుగూ ఒకటే. బయటి నుంచి దూర్చినప్పుడు కొసనున్న పన్ను ఏ రేకుకి తగులుతుందో, లోపలి నుంచి దూర్చినప్పుడు అదే రేకుకి తల వైపు పన్ను తగలాలి కదా. అంటే ఆరు రేకులున్నా మనం మార్చగలిగేది మూడు జతల్నే. మూడు జతలకి ఆరు వరసలు, పాతది తీసేస్తే ఐదు. తక్కువే, కానీ మేడమెట్ల తలుపుకి చాలు.

అయితే పెట్టె విప్పగానే రెండు రేకుల స్ప్రింగులు పుటుక్కున రాలాయి. ఉప్పుగాలికి లోపలంతా ఎర్రగా తుప్పు. నాలుక సగం వచ్చి ఆగుతోంది. దీనికి చెవి మార్చడం చచ్చినవాడికి కొత్త బట్టలేసినట్టే. తాళమే మార్చాలి, అందులో అనుమానం లేదు.

తప్పు చేసింది కొనే దగ్గర. తలుపు అంచు నుంచి చెవి రంధ్రం మధ్యకి దూరం కొలిచాను, 45. కొత్తదీ 45. సంతోషంగా రూ. 1,450 పెట్టి తెచ్చాను. పెట్టె మందం కొలవలేదు. పాతది 14 మి.మీ., కొత్తది 17. ఎత్తు కూడా 4 మి.మీ. ఎక్కువ. మూడు మి.మీ.యే కదా, ఉలితో తీద్దాం అనుకున్నాను.

లెక్క చూడండి. తలుపు 30. గుంట 14 ఉన్నప్పుడు రెండు పక్కలా ఎనిమిదేసి మి.మీ. చెక్క మిగులుతుంది. 17 చేస్తే ఆరున్నరేసి. అది కూడా ఉలి తిన్నగా పోతే. అవతల వానలు పట్టుకుని పది రోజులు, తలుపు ఉబ్బి ఉంది. తడి చెక్క పొట్టులా రాదు, పీచులా లేస్తుంది. నా ఉలి పక్కకి వాలిందని నాకు తెలిసేసరికి ఒక పక్క మూడు మి.మీ.యే మిగిలింది. ఇంకో రెండు దెబ్బలు. లోపలి వైపు పైపొర అరవై మి.మీ. పొడవున చీలి, పెదవిలా బయటికి తెరుచుకుంది.

వడ్రంగి వచ్చి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వానల్లో ఉలి పట్టకూడదమ్మా" అన్నాడు. చీలికలో ఫెవికాల్ పట్టించి, రెండు పక్కలా చెక్కముక్కలేసి ఒక రోజంతా బిగించి ఉంచాడు. మర్నాడు గుంట సరిచేసి, తాళం పెట్టి, రెండు వైపులా స్టీలు పలక వేసి మరలతో కలిపాడు. పలకలు, జిగురు 180, కూలి 700. గట్టిగానే ఉంది. మచ్చ కనబడుతూనే ఉంది.

వారం తర్వాత ఇంకో కొట్లో 14 మి.మీ. పెట్టె ఉన్న తాళం కనబడింది, రూ. 1,600. నూటయాభై ఎక్కువ పెట్టి దాన్ని కొనుంటే 880 మిగిలేవి, తలుపూ మిగిలేది. మార్టిస్ తాళం కొనడానికి పాతది చేత్తో పట్టుకునే వెళ్ళండి. పెట్టె పొడవు, వెడల్పు, మందం, అంచు నుంచి రంధ్రానికి దూరం, హ్యాండిల్ నుంచి చెవి రంధ్రానికి దూరం, ఐదూ ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూడండి. ఒక్కటి కుదరకపోయినా పక్క కొట్టుకి వెళ్ళిపోండి.

ఈ దశ: 200 + 1,450 + 180 + 700 = 2,530.
ఇప్పటివరకు: రూ. 4,325. సమయం: పదమూడున్నర గంటలు.

దశ 4: లిస్టులో లేని పని

వీధి తలుపుకి కొత్త చెవి పెట్టి, తాళం వేసి, మా తమ్ముణ్ణి బయటి నుంచి భుజంతో తోయమన్నాను. తలుపు 4 మి.మీ. కదిలింది. తాళం కాదు కదిలింది, నాలుక దూరే డబ్బా. ద్వారబంధానికి దాన్ని పట్టుకుని ఉన్నవి రెండు స్క్రూలు, ఒక్కోటి 20 మి.మీ. నేను రెండు ఆదివారాలు పిన్నుల్ని మి.మీ.లో పదో వంతు దాకా కొలుస్తూ కూర్చున్నాను, అవతల ఇల్లంతా ఆ రెండు స్క్రూల మీద ఆధారపడి ఉంది.

కొత్త డబ్బా, నాలుగు స్క్రూలు, ఒక్కోటి 50 మి.మీ. ద్వారబంధం పాత మద్ది. 3 మి.మీ. రంధ్రం వేసి ఇత్తడి స్క్రూ తిప్పితే ముప్పాతిక దూరం వెళ్ళి తల తెగిపోయింది. దాన్ని తవ్వి తీయడానికి నలభై నిమిషాలు. తర్వాత చేసిన పద్ధతి:

1. రంధ్రం స్క్రూ పూర్తి పొడవుకి వేయాలి, సగానికి కాదు.
2. ముందు అదే సైజు ఇనప స్క్రూకి బట్టల సబ్బు రాసి తిప్పి, దారి చేసి, బయటికి తీయాలి.
3. ఆ దారిలో ఇత్తడి స్క్రూ, దానికీ సబ్బు రాసి.

మళ్ళీ తోయించాను. కదల్లేదు. ఐదిళ్ళలో నాలుగిళ్ళ తలుపులకి తాళం కంటే ముందు చేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం, కానీ దీన్ని కొట్లో ఎవరూ అమ్మరు, ఎందుకంటే దీంట్లో లాభం నూట ఎనభైలో ఎంతుంటుంది?

ఈ దశ: డబ్బా, స్క్రూలు 140, డ్రిల్ ముల్లు 40. మొత్తం 180.
ఇప్పటివరకు: రూ. 4,505. సమయం: పదిహేనున్నర గంటలు.

దశ 5: కప్పలు

ఆలోచించలేదు. కప్పకి చెవి మార్చడం కుదురుతుంది, కానీ ఆ కూలి డబ్బుకి కొత్త కప్పే వస్తుంది. పైగా కప్పకి తలుపు కోయక్కర్లేదు. రెండు కొత్తవి, 520 చొప్పున 1,040. గేటుది రోడ్డు వైపు వానలో తడుస్తుంది కాబట్టి చెవి రంధ్రం మీద మూత ఉన్నది తీసుకున్నాను. పాత కప్పల్లో ఒకటి ఇప్పుడు పెట్రోలు సీసా పెట్టిన బీరువాకి ఉంది.

ఇప్పటివరకు: రూ. 5,545. సమయం: పదహారు గంటలు.

ఫ్రిజ్ మీది కాగితంతో తేడా 3,845. గంటకి 240 చొప్పున సంపాదించానని మా ఆయనతో అన్నాను. "తలుపు చీల్చినందుకు కూడానా?" అన్నారు. అందులో 700 పెట్టిన వెర్నియర్, ఆకురాళ్ళు ఇంట్లోనే ఉన్నాయి, అవి ఖర్చు కిందికి రావని నా వాదన.

మూడు వారాల తర్వాత

వీధి తలుపు: చెవి నునుపుగా పోతోంది. ఉబ్బినప్పుడు నాలుక డబ్బా పై అంచుకి రాసుకుంటోందని, ఆ అంచుని ఆకురాయితో మిల్లీమీటరున్నర తీశాను. చెక్క ముట్టుకోలేదు.

పెరటి తలుపు: చెప్పడానికేమీ లేదు.

మేడమెట్ల తలుపు: బిర్రుగా ఉంది. ఎండలు వచ్చాక చెక్క తగ్గితే చూడాలి.

అనాథ చెవులు నాలుగూ కొత్త తాళాలన్నింటిలో దూర్చి చూశాను. ఏదీ తిరగలేదు.

మొన్న శుక్రవారం పక్కింటి పిన్నిగారు వచ్చారు. కొంగు ముడిలోంచి ఒక చెవి తీసి బల్లమీద పెట్టారు. "వాళ్ళు ఊరెళ్ళినప్పుడు తులసికోటకి నీళ్ళు పోయమని ఇచ్చారమ్మా, తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉంది. మీదే కదా ఇప్పుడు." తిప్పి చూశాను. తల మీద కంపెనీ ముద్ర ఉంది. తీసుకెళ్ళి వీధి తలుపుకి పెట్టాను. సాఫీగా లోపలికెళ్ళింది. అటూ ఇటూ, గట్టిగా తిప్పాను. కదల్లేదు.

శ్రావణంలో మేం నాలుగు రోజులు రాజమండ్రి వెళ్ళాలి. మా తులసికి కూడా నీళ్ళు పోసేవాళ్ళు కావాలి. నాలుగో నకలు ఆవిడకే ఇచ్చాను. పుస్తకంలో రాసుకున్నాను.